కల్లములో ఆయాసము: పుపుసధమనీ పీడనమునకు పాత గుండెమందుల పరీక్ష

మాఘమాసము గడచి ఎండ పదునెక్కిన దినములలో చిలకలూరిపేటనుండి ఏ త్రోవ పట్టి పోయినను, పొలములప్రక్కల చదునుచేసిన కల్లములలో నేల కానరాకుండ మిరపకాయ ఆఱుచుండును. వాని అంచులను గోనెపట్టాలు పఱచుకొని కూలివాండ్రు తాలుకాయ నేఱుచుందురు. అట్టి కల్లమొకదానిలో, ఇరువదియేడేండ్లు మించని యొక కోడలు గంపెడు కాయ నెత్తికెత్తుకొని పాకవఱకు పోవుటలో రెండుమారులు నిలిచినది. గంప దింపలేదు, నిలిచి, కన్నులు మూసికొని, ఊపిరి కూడదీసికొని, మఱల నడచినది. "కాసేపు కూకోవే అమ్మాయ్, కాయ ఘాటు పడనట్టుంది" అన్నది అత్త. "ఘాటు కాదత్తా, పత్తి తీసేటప్పుడూ ఇంతేగా" అన్నది కోడలు. అంతకుముందే ఊరి వైద్యుడొకడు ఉబ్బసమని పేరుపెట్టి పీల్చెడి మందిచ్చియుండెను. దానితో గుణము కానరాలేదు. పాదములకు నీరు దిగి, ఒకనాడు కుళాయికడ స్పృహ తప్పి పడిన తరువాత, గుంటూరు తీసికొనిపోయి గుండెకు ఎకో తీయించగా, ఊపిరితిత్తులకు పోవు రక్తనాళములలో పీడనము ఉండవలసినదానికి నాలుగింతలున్నదని తెలిసినది. ఆ వ్యాధికి ఆమెకు వ్రాసియిచ్చిన బిళ్ళ మొదట గుండెనొప్పికొఱకు పుట్టి, ఆ పనికి చాలక, మఱియొక పనికై లోకమంతట పేరుపడినదను సంగతి ఆమె భర్తకు మందులకొట్టు కుఱ్ఱవాని నవ్వువలన తెలిసినది.

ఆ నవ్వును తప్పుపట్టి ప్రయోజనము లేదు. సిల్డెనాఫిల్ అను నామమునకు మన బజారులలో ఒక్కటే అర్థము స్థిరపడిపోయినది. అయితే గుండెజబ్బునకు వాడుకలోనున్న మందునో, గుండెకై పుట్టిన మందునో తెచ్చి ఈ పుపుసధమనీ పీడనమునకు పరీక్షించి చూచుట అను ప్రయత్నమునకు డెబ్బదియేండ్లకు పైబడిన చరిత్ర కలదు. అందులో గెలుపులు వ్రేళ్ళమీద లెక్కింపదగినవి, భంగపాటులు పెక్కు. గెలుపులలో మిక్కిలి చక్కనిదానికి తొలి గట్టి సాక్ష్యము నిచ్చినవారిలో మన తెలుగు వైద్యులుండుట నాబోటి పాఠకులకు సంతోషకరము; ఆ సంగతి మనలో పదిమందికైన తెలియకపోవుట మాత్రము వింతయే.

మన గుండెలో రెండు మోటారులున్నవనుకొందము. ఎడమది దళసరి కండ గలది. తలనుండి కాలివఱకు రక్తమును తోలునది అదియే. చేతికి పట్టీ చుట్టి వైద్యుడు చూచెడి బీపీ దానిదే. కుడిది పలుచనిది; దాని పని ప్రక్కనేయున్న ఊపిరితిత్తులకు రక్తము నందించుట మాత్రమే; ఆ మార్గము పొట్టిది, వెడల్పైనది, అడ్డులేనిది గనుక కొద్దిపాటి ఒత్తిడితోనే దాని పని గడచిపోవును. నాగార్జునసాగరు కుడికాలువక్రింద సేద్యము చేయువారికి తక్కినది విప్పిచెప్ప నక్కఱలేదు. శాఖాకాలువలలో పూడిక పేరుకొని, తూములు మూసికొనిపోయినచో, ఎగువ నెంత నీరు వదలినను చివరిభూములకు చుక్క చేరదు. ఎగువగట్టు మాత్రము తెగుటకు సిద్ధముగా నుండును. పుపుసధమనుల చిఱుశాఖలలో జరుగునదియు నిట్టిదియే: లోపలిపొర దళసరియెక్కి, చుట్టునున్న కండరము బిగిసి, రంధ్రము నానాటికి సన్నగిల్లును. పలుచని కుడి జఠరిక కొంతకాలము కండపెంచుకొని పెనగులాడి, పిమ్మట సాగి, వదలైపోవును. అప్పుడు రక్తము వెనుకకు నిలిచి కాళ్ళు వాచును. ముందుకు పోవు రక్తము చాలక నడచినంతనే కన్నులు చీకట్లు క్రమ్మును. చేతిపట్టీతో చూచిన బీపీ సరిగానే యుండును. అందువలననే ఈ వ్యాధి ఉబ్బసమనియు, రక్తహీనత యనియు, బెంగ యనియు పేర్లు మార్చుకొని ఏండ్లతరబడి తిరుగుచుండును.

నాళములో పీడన మింతయని నిశ్చయముగా తెలియవలెనన్నచో సన్నని గొట్టమును సిరద్వారా గుండె కుడిభాగములోనికి పంపవలెను. 1929లో ఫోర్స్‌మన్ అను జర్మను యువవైద్యుడు ఇట్టి గొట్టమును తన చేతిసిరలోనికే దూర్చుకొని, ఎక్స్‌రే గదికి నడచిపోయి ఫోటో తీయించుకొన్న సాహసమునకు 1956లో నోబెల్ బహుమానము దక్కినది. కూర్నాండ్, రిచర్డ్స్ అను ఇరువురు ఆ పద్ధతిని వైద్యమునకు పనికివచ్చునట్లు తీర్చి ఆ గౌరవమునే పంచుకొనిరి. 1973లో ప్రపంచారోగ్యసంస్థ జెనీవాలో కూర్చిన సభవారు సగటు పీడనము 25 మిల్లీమీటర్లకు మించినచో వ్యాధియని యెంచిరి; 2018లో నీస్ నగరమున కూడిన ప్రపంచసదస్సు ఆ గీతను 20కి దించినది. ఆరోగ్యవంతునిలో అది సుమారు 14.

ఇక్కడనే పాత మందుల కథలోని చిక్కంతయు నున్నది. పుపుసనాళములలో పీడనము పెరుగుట ఒక లక్షణమే గాని ఒక్క వ్యాధి కాదు. నిపుణులు దానిని 5 వర్గములుగా విభజించిరి. నాళములే చెడిన మొదటి వర్గమును మాత్రమే పుపుసధమనీ పీడనమని విశేషించి పిలుతురు. కారణము తెలియనివి, వంశమున వచ్చునవి, హెచ్.ఐ.వి., కాలేయవ్యాధి, పుట్టుకతో గుండెగోడలోనున్న రంధ్రము మొదలగువానివలన కలుగునవి దానిలో చేరును. ఎడమ గుండె జబ్బువలన పీడనము వెనుకకు తన్నుట రెండవది, ఊపిరితిత్తుల జబ్బువలన కలుగునది మూడవది, పాత రక్తపుగడ్డలు నాళములలో పాతుకొనిపోవుట నాలుగవది, తక్కినవన్నియు నైదవది.

ఈ పత్తి మిరప మైదానముల కన్వయించి చూచినచో ఈ వర్గీకరణము కేవలము పుస్తకపు మాట కాదు. పల్నాటిలోను, పర్చూరు ఇంకొల్లు ప్రాంతములలోను పత్తిచేను దున్నివేయుటకు ముందు పెఱికిన పత్తికట్టె ఇంటివెనుక వామిగా వేసికొని ఏడాదిపొడుగున పొయ్యిలో పెట్టుట ఇటీవలివఱకు ప్రతి యింటి ఆచారము. గ్యాసుబండ వచ్చిన యిండ్లలో సైతము నీళ్ళకాగుక్రింద నేటికిని పత్తికట్టెయే. గాలియాడని వంటింటిలో ముప్పదియేండ్లు ఆ పొగ పీల్చిన స్త్రీకి కలుగునది మూడవ వర్గము. చిన్నతనమున గొంతునొప్పి, కీళ్ళనొప్పులు వచ్చి తగ్గి, పిమ్మట గుండెలోని ద్విపత్రకవాటము బిరుసెక్కిన పేదయింటిపిల్లకు కలుగునది రెండవది. మన ప్రభుత్వాసుపత్రులలో యౌవనమున ఆయాసముతో వచ్చువారిలో ఇట్టివారు నేటికిని తఱుచు. పుట్టుకతోనున్న గుండెరంధ్రమును పట్టించుకొనక, మూయించుకొనక, పెండ్లియీడు వచ్చినదాక నిలిచినవారిది మొదటిది. గుంటూరు ప్రకాశము జిల్లాలు ఒకప్పుడు హెచ్.ఐ.వి. బెడద అధికముగానున్న జిల్లాలుగా లెక్కకెక్కినవి గనుక ఆ త్రోవన వచ్చినవారుందురు. వాకిటిలో నిలిచిన ఈ నలుగురు స్త్రీలకు ఒకే ఆయాసము, ఒకే కాళ్ళవాపు. లోపలి కారణములు మాత్రము నాలుగు. వీరందఱికిని ఒకే పాత మందునిచ్చి గుణమెట్లున్నదని చూచుట పరీక్ష యనిపించుకొనదు.

తొలినాటి వైద్యులకీ వివేకము సంపూర్ణముగా లేకుండెను. 1951లో న్యూయార్కునందు డ్రెస్‌డేల్, ఆయన తోడివారు కారణము తెలియని పుపుసపీడనమును వర్ణించుచు, నాళములను సడలించు టోలజొలీన్ అను మందును ఎక్కించి పీడనము తగ్గుట చూచిరి. అది మొదలు, చేతిబీపీని తగ్గించు మందేదైనను దీనినికూడ తగ్గించునను ఆశ వైద్యులను వదలలేదు. 1980లో హైడ్రలజీన్ అను పాత బీపీమందును నలుగురు రోగులకిచ్చి మేలు కలిగినదని ప్రకటించిరి. రెండేండ్లు దాటినంతనే దానివలని అపాయములును ప్రకటితమైనవి. కారణము సులభగ్రాహ్యము. ఈ మందులు ఊపిరితిత్తుల నాళములను ఎంత సడలించునో ఒంటి నాళములను అంతకంటె నెక్కువగా సడలించును. బిగిసి గట్టిపడిన పుపుసనాళము కదలదు, ఒంటి బీపీ మాత్రము పడిపోవును, కుడిగుండెకు తగిన రక్తమందక రోగి కుప్పకూలును. చివరిభూములకు నీరందలేదని ఎగువతూములన్నియు తెఱచివేసినట్లు!

నిఫెడిపీన్, డిల్టియాజెమ్ వంటి కాల్షియము నిరోధకములు గుండెనొప్పికిని బీపీకిని మన మందులకొట్లలో నిత్యమమ్ముడుపోవునవి. వీనిని పెద్దమోతాదులలో పరీక్షించి 1992లో స్టువర్ట్ రిచ్ బృందము ప్రకటించిన ఫలితములు చూచినవారు మొదట ఆనందించిరి, పిదప ఆలోచనలో పడిరి. 64 మందిలో 17 మందికే మందు పాఱినది. ఆ 17 మందిలో అయిదేండ్లకు నూటికి 94 మంది బ్రతికియుండిరి, తక్కినవారిలో నూటికి 55 మందియే. 2005లో ఫ్రాన్సునందు సిట్‌బోన్ బృందమువారు 557 మంది రోగులను పరిశీలింపగా, గొట్టము దూర్చి సడలింపుమందుతో చూచినప్పుడు నాళము స్పందించినవారు 70 మంది. ఏండ్లతరబడి కాల్షియము నిరోధకముతోనే నిలువగలిగినవారు 38 మంది. అనగా నూటికి ఏడుగురికంటె తక్కువ. ఆ యేడుగురికి మాత్రము అది సంజీవనియే. ఆ యేడుగురెవరో ముందుగా గొట్టముపరీక్షవలన తెలిసికొనక, అందఱికిని నిఫెడిపీన్ వ్రాయుట చీకటిలో ఱాయి విసరుటతో సమానము; తగులనివారి కది ప్రాణాపాయము.

గుండెమందులన్నిటిలో పెద్దది వయసున డిజాక్సిన్. 1785లో విదరింగ్ అను ఆంగ్లేయ వైద్యుడు నీరుపట్టు రోగమునకు డిజిటాలిస్ ఆకుపై వ్రాసిన గ్రంథమునుండి దాని చరిత్ర మొదలగును. దానిని ఈ వ్యాధిలో 1998లో 17 మందికి సిరద్వారా ఇచ్చి చూడగా గుండె వెలువరించు రక్తము నూటికి పదిపాళ్ళు పెరిగినది. రెండు గంటల ముచ్చట అది. ఆ మందు నెలలతరబడి మ్రింగినవారు ఎక్కువ నడచిరా, ఎక్కువకాలము బ్రతికిరా యను ప్రశ్నకు తగినంతటి పెద్దపరీక్ష దానిపై జరుగనేలేదు; అయినను వైద్యులు దానిని వ్రాయుచునేయున్నారు. ఎడమగుండె నీరసమునకు నేడు ప్రాణరక్షకములని పేరుపడిన బీటా నిరోధకముల కథ మఱియొకటి. కుడిగుండెకును ఉపకరింపవచ్చునని తలచుట సహజమే; కాని ఒక సందర్భమున, కాలేయవ్యాధితోకూడిన పుపుసపీడనము గల 10 మందికి ఆ మందు మాన్పించిన తరువాత వారి నడక సగటున 79 మీటర్లు పెరిగినది! 2016లో నెదర్లాండ్సునందు 18 మందికి బిసోప్రొలాల్ నిచ్చి చూడగా మేలేమియు కానరాలేదు, గుండె వెలువరించు రక్తము తగ్గినది. ఎడమకు మంచిదైనది కుడికి చెడుగగుట దీనివలన తెలియుచున్నది. ఆస్పిరిన్, సిమ్వాస్టాటిన్ బిళ్ళలను కలిపి పరీక్షించిన అమెరికావారు 65 మంది చేరగనే, ఇక ప్రయోజనము కనబడదని 2011 నాటికే చాలించిరి. రక్తము పలుచనచేయు వార్ఫరిన్ సంగతి ఇంకను తేలలేదు: ఐరోపాలోని రోగుల పట్టిక 2014లో మేలున్నదనెను, అమెరికా పట్టిక మఱుచటియేట లేదనెను.

ఇక ఆ బిళ్ళ కథ. ఇంగ్లండులో కెంట్ పరగణాలోని శాండ్విచ్ అను ఊర ఫైజర్ కంపెనీ ప్రయోగశాలలో 1989లో యూకే-92,480 అను సంఖ్యతో ఒక పదార్థము తయారైనది. గుండెనొప్పి గలవారికి గుండెనాళములు విప్పారునేమో యని దానిని పరీక్షించిరి. గుండెనొప్పిపై దాని ప్రభావము కొఱమాలినది. మందు ఒంటిలో నిలుచుట కొద్దిగంటలే గనుక దినమునకు మూడుమారులు మ్రింగవలసియుండెను. పైగా నాలుకక్రింద పెట్టుకొను నైట్రేటు బిళ్ళలతో కలిసినచో బీపీ పాతాళమునకు దిగుచుండెను. అయితే పరీక్షలో పాల్గొన్న పురుషులు చెప్పిన యొక ఉపఫలితమును కంపెనీవారు చెవినిబెట్టిరి. 1998 మార్చిలో అమెరికా ప్రభుత్వానుమతితో అది వయాగ్రాయై బజారున పడినది. అదే సంవత్సరమున రక్తనాళములను సడలించు నైట్రిక్ ఆక్సైడును గుర్తించిన ఫర్ష్‌గాట్, ఇగ్నారో, మ్యురాద్ అను మువ్వురకు నోబెల్ బహుమానము వచ్చుట యాదృచ్ఛికమే యైనను ముచ్చటైనది. ఏలయన సిల్డెనాఫిల్ పనిచేయు త్రోవ అదియే. నైట్రిక్ ఆక్సైడువలన నాళకండరములో పుట్టు సడలింపుసందేశమును చెఱిపివేయు ఎంజైమొకటి కలదు. మందు దానిని అడ్డగించును. ఆ ఎంజైము ఊపిరితిత్తుల నాళములలో మిక్కుటము. ఒంటినాళములకంటె పుపుసనాళములను ఎక్కువగా సడలింపగల మందుకొఱకు వైద్యులు అర్ధశతాబ్దము వెదకుచుండగా, అది మఱియొక వాకిట ముసుగుదన్ని కూర్చున్నది.

2000 సంవత్సరమున లండనువారు ఒక్క రోగికి గుణమిచ్చిన ఉదంతమును జాబుగా ప్రకటించిరి. భారతదేశమున అప్పటికి మందుపదార్థముపై పేటెంటు లేదు. 1970 నాటి చట్టము తయారీపద్ధతికే పేటెంటునిచ్చెడిది, 2005 జనవరి 1 తరువాతనే ఆ స్థితి మాఱినది. కావున మన కంపెనీలు సిల్డెనాఫిల్‌ను చవుకగా చేసి అమ్ముచుండెను. అమెరికాలో నాటికి ఈ వ్యాధికి ఆధారమైనది 1995లో అనుమతి పొందిన ఎపోప్రొస్టెనాల్. అది రక్తములో నిమిషములే నిలుచును గనుక ఱొమ్ములోని పెద్దసిరలో గొట్టము పెట్టి, నడుమునకు పంపు కట్టుకొని, రేయింబవళ్ళు ఎక్కించుకొనవలసినది. గొట్టము ఊడినను గండమే. 2001లో వచ్చిన బోసెంటాన్ బిళ్ళయే యైనను దాని వెల తూకమువేసిన బంగారమువలె నుండెను. కల్లములో కూలిచేసికొను కుటుంబమునకు ఈ రెండును లేనట్లే. అట్టి స్థితిలో ఢిల్లీ, ఇండోరు, హైదరాబాదుల వైద్యులు చేతికందిన చవుకమందును పరీక్షకు పెట్టిరి; ఆశపడి వాడిచూచుట కాదు, పరీక్షకు పెట్టిరి.

హైదరాబాదు కేర్ ఆసుపత్రిలో బి.కె.ఎస్. శాస్త్రి, సి. నరసింహన్, ఎన్.కె. రెడ్డి, బి. సోమరాజు అను నలుగురు చేసి, 2004లో అమెరికను కాలేజ్ ఆఫ్ కార్డియాలజీ పత్రికలో ప్రకటించిన పరిశోధనమును నేను పలుమారులు చదివితిని; చదివినకొలది దాని పొందిక నాకు నచ్చుచునే వచ్చినది. చేరినవారు 22 మంది, కారణము తెలియని పుపుసపీడనము గలవారు. ఒక్కొక్కరు ఆఱువారములు అసలుబిళ్ళను, ఆఱువారములు దానినిపోలిన ఉత్తబిళ్ళను మ్రింగిరి. ముందేది, వెనుకేది యను సంగతి రోగికిగాని పరీక్షించు వైద్యునికిగాని తెలియకుండ ఏర్పాటైనది. ఒంటిబరువునుబట్టి 25 మొదలు 100 మిల్లీగ్రాములవఱకు దినమునకు మూడుమారులు మోతాదు. ప్రతి రోగియు తనకు తానే పోలిక యగుటచేత కొద్దిమందితోనే గట్టి తీర్పు సాధ్యమైనది. ఉత్తబిళ్ళకాలము ముగిసిననాడు నడకయంత్రముపై సగటున 475 సెకనులు నిలిచినవారు, మందుకాలము ముగిసిననాడు 686 సెకనులు నిలిచిరి. ఎనిమిది నిమిషములకు లోబడినది పదకొండున్నర నిమిషములకు చేరువయైనది. గుండె వెలువరించు రక్తపుకొలత 2.80 నుండి 3.45 లీటర్లకు పెరిగినది. ఆయాసము, అలసట తగ్గినవని రోగులు చెప్పిరి.

పీడనమో? పుపుసధమనిలో పైపీడనము 105 నుండి 98కి వచ్చినది. గణితమునకు నిలువని తేడా. ఇక్కడ నొకమారు ఆగి చూడదగును. పీడనమునే కొలిచి ఫలితము తేల్చియుండినచో ఈ మందు ఓడిపోయినదని వ్రాయవలసివచ్చియుండెడిది. నాళము సడలినప్పుడు గుండె ఎక్కువ రక్తము తోలును; ఎక్కువ రక్తము పాఱునప్పుడు పీడనపు అంకె అంతగా కదలకయే పోవచ్చును; కాలువలో నీటిమట్టము చూచినవాడు చివరిపొలము తడిసినదో లేదో చెప్పలేడు. చివరిపొలమునకు పోయి చూచినవారు ఈ నలుగురు. ఒక విషాదమును మఱుగుపఱుపరాదు: ఉత్తబిళ్ళకాలములో ఒకరు మరణించిరి, మఱియొకరు స్పృహ తప్పిరి. మందుకాలములో తీవ్రమైన హాని ఎవరికిని కలుగలేదు. ప్రాణముమీదికి తెచ్చు వ్యాధిలో ఉత్తబిళ్ళ నిచ్చుట న్యాయమాయని అడుగువారికి నా సమాధానమిది: నాటికి మన రోగికి అందుబాటులో మందేదియు లేదు, దీని గుణము నిశ్చయము కాలేదు, కాలము ఆఱువారములకు పరిమితము, ఆ పరీక్ష జరుగనిచో తరువాతి వేలమందికి ఆ బిళ్ళ ధైర్యముగా వ్రాయుట కుదిరెడిది కాదు. నేడు, గుణము తెలిసినపిదప, అదే పరీక్షను మఱల చేయబూనుట మాత్రము అపరాధము.

కంపెనీవారి పెద్దపరీక్ష 2005 నవంబరులో వెలువడినది. పలుదేశములలో 278 మంది, పన్నెండువారములు. మూడుమోతాదులలోను ఆఱునిమిషముల నడక, ఉత్తబిళ్ళతో పోల్చినచో, 45 నుండి 50 మీటర్లవఱకు పెరిగినది. ఇందు వింత యేమన, 20 మిల్లీగ్రాములకును 80 మిల్లీగ్రాములకును నడకలో చెప్పుకోదగిన భేదము లేదు. ఆ సంవత్సరము జూనుమాసముననే, వేఱుపేరున, 20 మిల్లీగ్రాములు దినమునకు మూడుమారులని అమెరికా అనుమతి దొరికినది. మోతాదు తగవు అంతటితో తీరలేదు. పిల్లలలో పెద్దమోతాదుతో మరణము లధికమైనవని 2012లో అమెరికా అధికారులు హెచ్చరించి, 2014లో ఆ హెచ్చరికను కొంత సడలించిరి. పెద్దవారిలో ఆ అనుమానమును తీర్చుటకు 5, 20, 80 మిల్లీగ్రాములను 385 మందిలో పోల్చిచూడగా, పెద్దమోతాదు హానికరము కాకపోవుటయేగాక 5 మిల్లీగ్రాములవారికంటె వారిలో మరణములు తక్కువని తేలినది. మందు బజారులోనికి వచ్చిన పాతికయేండ్లకుగాని దాని సరియైన మోతాదు విషయమున ఈమాత్రము వెలుగు రాలేదు.

గెలిచిన మందును చూచినప్పుడే జాగ్రత్తపడవలెను. కవాటపు శస్త్రచికిత్స యైన తరువాతకూడ పుపుసపీడనము మిగిలిపోయిన రోగులకు ఈ బిళ్ళను వైద్యులు ఉదారముగా వ్రాయుచుండిరి. మన ప్రాంతమున కీళ్ళవాతజ్వరముచేత కవాటము చెడినవారికిని వ్రాయుట కద్దు. 2018లో స్పెయినువారు ప్రకటించిన పరీక్షలో అట్టి 200 మందిలో 104 మందికి సిల్డెనాఫిల్, 96 మందికి ఉత్తబిళ్ళ ఆఱునెలలిచ్చిరి. మందుతో మెఱుగుపడినవారు 27, చెడినవారు 33. ఉత్తబిళ్ళతో మెఱుగుపడినవారు 44, చెడినవారు 14. మంచియుద్దేశముతో వ్రాసిన చీటి హాని చేసినది! ఎడమప్రక్క ద్వారము ఇఱుకుగా నుండగా కుడిప్రక్కనుండి రక్తమును మఱింత త్రోసినచో ఊపిరితిత్తులు నీటితో నిండుట సహజము. ఆ రోగికి కావలసినది బెలూనుతో కవాటము వెడల్పు చేయుటయో, కవాటము మార్చుటయో. నాళముల సడలింపు కాదు. పత్తికట్టె పొగవలన ఊపిరితిత్తులు చెడినవారి విషయమును ఇట్టిదే. గాలి చేరని భాగములకు పోవు నాళములను శరీరము తెలివిగా తానే ముడుచుకొనును. మందు వానిని తెఱచినచో రక్తము ప్రాణవాయువు నందుకొనకయే మఱలిపోవును.

ఏ రోగి ఏ వర్గమో తేల్చు కొలత మన ప్రాంతమున సాధ్యమా యనువారికొక మాట. గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో 2016 మే నెలలో వైద్యుడు ఆళ్ళ గోపాలకృష్ణ గోఖలే బృందము గుండెమార్పిడి చేసిననాడు పత్రికలన్నియు ఆ గుండె ప్రయాణమునే వర్ణించినవి. గుండెమార్పిడికి ముందు పుపుసనాళములలో నిరోధ మెంతయున్నదో గొట్టము దూర్చి కొలిచితీరవలెనను సంగతి ఎవరికిని వార్త కాదు. ఆ నిరోధము గట్టిపడియున్నచో తెచ్చిపెట్టిన క్రొత్తగుండెయొక్క పలుచని కుడిభాగము మొదటిరాత్రియే చతికిలబడును. ఇంతటి పని జరిగినచోట పుపుసపీడనమును కొలుచుట అసాధ్యమని యెవరును చెప్పజాలరు. 1946లో ఏర్పడిన గుంటూరు వైద్యకళాశాల, ఒంగోలు రిమ్స్, మంగళగిరి ఎయిమ్స్ ఈ మైదానముల నడుమనే యున్నవి.

మిగిలియున్న పాత మందుల పట్టిక చిన్నది కాదు. గుండెనీరసమునకు రూపాయలలో దొరకు స్పైరోనోలాక్టోన్, గుండెనొప్పికి వాడు రానోలజీన్, గుండెమందు కాకపోయినను ప్రతి ఊర దొరకు మధుమేహపు మెట్‌ఫార్మిన్ ఇత్యాదులు చిన్నచిన్న పరీక్షలలో ఆశ గొలిపినవే. వీనిని పెద్దయెత్తున పరీక్షించి తేల్చువారు లేరు. పేటెంటు తీరిన మందు ఊరుమ్మడి చెఱువువంటిది. పూడిక తీయుటకు ముందుకు వచ్చువాడుండడు. వందలకోట్లు వెచ్చించి స్పైరోనోలాక్టోన్ గుణమును నిరూపించిన కంపెనీకి మిగులునది పొరుగుకంపెనీ అమ్మకము పెరుగుట మాత్రమే. కావున ఈ పరీక్షలు ప్రభుత్వసొమ్ముతో ప్రభుత్వ కళాశాలలలో జరుగవలసినవే.

అయితే మన జిల్లాలో పరీక్ష అను మాటకు ఒక మచ్చ యున్నది. 2011లో పిడుగురాళ్ళ ప్రాంతపు పేదస్త్రీలకు కొంత సొమ్ము ముట్టజెప్పి హైదరాబాదు తీసికొనిపోయి ఒక క్యాన్సరు ఔషధపు పరీక్షకు వినియోగించిన ఉదంతము పత్రికల కెక్కినది. సున్నపుబట్టీల కూలికిని మందుమ్రింగుటకు ముట్టిన సొమ్మునకును భేద మెఱుగని స్థితిలో వ్రేలిముద్ర వేసినదానిని అంగీకారమనుట కష్టము. దేశమున ప్రతి పరీక్షను ముందుగా నమోదుచేయవలెనను నియమము 2009లోనే వచ్చినది. నమోదైనంతమాత్రమున కూలితల్లికి విషయము తెలిసినట్లు కాదు. ఇంట తెలుగులో చదివి వినిపించి, భర్తకో అత్తకో గాక ఆమెకే అర్థమైనదాక చెప్పి, మానుకొన్నను వైద్యము మానదని మాటయిచ్చి చేసిన పరీక్షయే పరీక్ష.

నా అభిప్రాయము దాచుకొనను. సిల్డెనాఫిల్ మొదటి వర్గపు రోగికి పనిచేయుననుట తేలిపోయిన విషయము; నిఫెడిపీన్ కొద్దిమందికే, గొట్టముపరీక్షలో స్పందించినవారికే; బీటా నిరోధకములను ఈ వ్యాధికొఱకని వాడరాదు; తక్కినవి పరీక్షకు నోచుకొనవలసినవి. కాని ఈ మైదానములలో ఆయాసపడుచున్న స్త్రీలలో ఎక్కువమందికి లోపించినది క్రొత్తమందుగాని, పాతమందుపై క్రొత్తపరీక్షగాని కాదు. ఆమె అయిదు వర్గముల వాకిళ్ళలో ఏ వాకిట నిలిచియున్నదో చెప్పు ఒక్క ఎకో, అవసరమైనచో ఒక్క గొట్టముపరీక్ష.

కావున కల్లమువారికిని, ఊరి వైద్యులకును, ఆశా కార్యకర్తలకును నా మనవి. ఉబ్బసపు మందుకు లొంగని ఆయాసముతో చిన్నవయసు స్త్రీ యెవతె కనబడినను, అందునను కాళ్ళవాపుగాని, నడుచుచు స్పృహతప్పుటగాని కలదన్నచో, గంప దింపించి గుంటూరో ఒంగోలో పంపి గుండెకు ఎకో తీయించుడు. ఆమెకు ఈ వ్యాధియని తేలినచో గర్భము ప్రాణాపాయకరమని దంపతులకు విప్పిచెప్పుడు. ఆమెకిచ్చిన బిళ్ళ గుఱించి కొట్టులో నెవరైన నవ్వినచో అది ఊపిరికొఱకని చెప్పుడు. దానితోపాటు నాలుకక్రింద పెట్టుకొను నైట్రేటు బిళ్ళను మాత్రము ఎన్నడును ఇయ్యకుడు.